చిన్న పడవల రేవుల్లో నీటి నాణ్యత పరిరక్షణ: చరిత్ర

చేపల పడవలు, విహార పడవలు నిలిచే చిన్న రేవుల్లో నీటిని పాడుచేసేవి ప్రధానంగా మూడు. పడవ అడుగున నాచు, గుల్లలు పట్టకుండా పూసే విషపు రంగులు, ఇంజను కింద చేరి తోడిపోసే చమురు నీళ్లు, మరుగుదొడ్ల మురుగు. అలల నుంచి పడవలను కాపాడే అడ్డుగోడే ఇక్కడ నీటికి చేటు చేస్తుంది. రేవు నోరు సన్నగా ఉంటే పోటుకు లోపలికొచ్చే కొత్త నీరు కొంతే, ఆటుకు బయటికి పోయే పాత నీరూ కొంతే. మూల జెట్టీల దగ్గర నీరు రోజుల తరబడి నిలిచిపోతుంది. బయటి సముద్రంలో లెక్కలోకి రాని మోతాదు అక్కడ ప్రాణాంతకమవుతుంది. చమురు తెట్టు కంటికి కనబడుతుంది, మురుగు కంపు కొడుతుంది. రంగులోని విషం మాత్రం కంటికీ ముక్కుకీ దొరకదు. దాని సంగతి తేలడానికి అందుకే చాలాకాలం పట్టింది.

1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్‌ఎంఎస్ అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తాపించింది. సముద్రపు పురుగు కొయ్యను తొలవలేకపోయింది. అయితే ఉప్పునీటికి రాగి అరిగిపోయేది. 1824 ప్రాంతంలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాగికి ఇనుము, జింకు ముక్కలు తగిలించి ఆ అరుగుదలను ఆపాడు. ఆగిందో లేదో గుల్లలు మళ్లీ పట్టాయి. రాగి కరిగి నీళ్లలో కలిస్తేనే జీవులు దరిచేరవని అలా తెలిసింది. తర్వాత వచ్చిన విషపు రంగులన్నీ ఈ సూత్రం మీదే పనిచేశాయి. రేవు నీటిలోకి విషం చేరడం వాటి లోపం కాదు, వాటి పనే అది.

1960లలో ట్రైబ్యుటైల్ టిన్ (టీబీటీ) కలిపిన రంగులు వాడుకలోకి వచ్చాయి. ఒకసారి పూస్తే ఏళ్ల తరబడి పడవ అడుగు శుభ్రంగా ఉండేది. ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని ఆర్కషాన్ అఖాతం ఆల్చిప్పల పెంపకానికి పేరుపొందిన చోటు. వేసవిలో అక్కడే వేల విహార పడవలు లంగరు వేసేవి. 1970ల చివర్లో ఆల్చిప్పల పిల్లలు బతకడం మానేశాయి. పెద్దవాటి పెంకు లోపల పొర మీద పొర పేరుకుని, మధ్యమధ్య జిగురు నిండిన గదులు ఏర్పడేవి. పెంకు ఉబ్బి బంతిలా తయారయ్యేది, లోపల మాంసం చిక్కిపోయేది. అలాంటి సరుకును ఎవరు కొంటారు? ఏటా 10 వేల టన్నులు దాటే దిగుబడి 1981 నాటికి దాదాపు 3 వేల టన్నులకు పడిపోయింది. క్లోద్ అల్జియు బృందం పరిశోధనలు టీబీటీ వైపే వేలు చూపాయి. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్లలోపు పడవలకు ఈ రంగును నిషేధించింది. కొద్ది ఏళ్లలోనే ఆల్చిప్పలు కోలుకున్నాయి. రేవుల కాలుష్య చరిత్రలో ఇంత స్పష్టంగా ఫలితమిచ్చిన చట్టాలు అరుదు.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ తీరంలో 1970లోనే ఒక వింత కనిపించింది. డాగ్‌వెల్క్ అనే సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవం మొలుస్తోంది. అది పెరిగి గుడ్లు బయటికొచ్చే దారిని మూసేస్తే గుడ్లు లోపలే ఉండిపోయి నత్త చనిపోయేది. పడవల రేవులకు దగ్గరగా ఉన్న మరో జాతి నత్తల్లో ఈ లక్షణం ఎక్కువని అమెరికాలో బి.ఎస్. స్మిత్ గమనించి, 1981లో దానికి టీబీటీతో ముడి ఉందని చూపాడు. లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వందకోట్లవ వంతు ఉన్నా చాలు, ఈ మార్పు మొదలవుతుంది. బ్రిటన్ 1987లో, అమెరికా 1988లో చిన్న పడవలపై ఆంక్షలు పెట్టాయి. పెద్ద ఓడలకూ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది.

టీబీటీ పోయిన చోట మళ్లీ రాగే వచ్చింది. అమెరికాలోని శాన్ డియాగోలో షెల్టర్ ఐలాండ్ పడవల రేవులోకి చేరే రాగిలో దాదాపు అంతా పడవల అడుగు రంగు నుంచే వస్తోందని తేలింది. ఆ రాగిని 17 ఏళ్లలో 76 శాతం తగ్గించాలని 2005లో అధికారులు ఆదేశించారు. విషం లేని సిలికాన్ పూతలు, పడవను నీళ్లలోంచి పైకి లాగి కడిగే పద్ధతి ఇలాంటి ఒత్తిడి వల్లే ఊపందుకున్నాయి. స్వీడన్‌లో పడవల అడుగును బ్రష్షులతో రుద్ది కడిగే కేంద్రాలే ఏర్పడ్డాయి.

చమురు, మురుగు విషయంలో అంతర్జాతీయ నియమాలు చిన్న పడవలకు పెద్దగా అక్కరకు రాలేదు. ఓడల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ ఒప్పందంలోని మురుగు నిబంధనలు 400 టన్నులు, ఆపై ఓడలకు, లేదా 15 మంది కంటే ఎక్కువమందిని మోసేవాటికి వర్తిస్తాయి. ఆ లోటును దేశీయ చట్టాలు పూడ్చాలి. పడవల్లోని మురుగును తోడి ఒడ్డుకు చేర్చే కేంద్రాలకు నిధులిచ్చేందుకు అమెరికా 1992లో క్లీన్ వెసెల్ చట్టం చేసింది. చమురు తెట్టు మీద సబ్బునీళ్లు పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. తెట్టు మాయమైనట్టు కనిపిస్తుంది గానీ చమురు చిన్న చుక్కలై నీటిలోకి దిగి జీవులకు మరింత హాని చేస్తుంది. పీల్చే గుడ్డలను ఇంజను కిందే పరిచి, చమురు నీటిలో పడకముందే పట్టుకోవడం మేలు.

మన దేశానికొస్తే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి చోట్ల పడవల మరమ్మతులకు, అడుగు గీకి రంగులు వేయడానికి అదే అదను. గీకిన పాత రంగు పెచ్చులు నేల మీద పడి ఉంటే తొలకరి వానకు నేరుగా రేవులోకి కొట్టుకుపోతాయి. పడవ కింద టార్పాలిన్ పరిచి పెచ్చులను ఎత్తి పారేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. జువ్వలదిన్నె, ఉప్పాడ, మచిలీపట్నంలలో కొత్త చేపల రేవులు చేపట్టారు. పాత ఇంజన్ ఆయిల్ సేకరణ, గీకిన పెచ్చులు నిలవేసే గట్టు, నీటి మార్పిడికి తగిన రేవు నోరు డిజైన్‌లోనే ఉండాల్సినవి. గోడ కట్టేశాక నీటికి దారి చేయడం చాలా కష్టం.