స్పర్శ చిత్రలేఖనం

స్పర్శ చిత్రలేఖనం అనగా గీసిన గీతను వ్రేళ్ళతో తడిమి తెలుసుకొనుటకు వీలుగా ఉబ్బెత్తుగా బొమ్మలు గీయు పద్ధతి. అంధ విద్యార్థులకు చిత్రలేఖనం నేర్పుటకు తరగతిలోని సాధారణ సామగ్రిని కొద్దిగా మార్చి దీనిని అమలు చేయుదురు. చూపు లేనివారికి బొమ్మలతో పనిలేదను అపోహ వలన ఈ పిల్లలను డ్రాయింగు పీరియడులో ఊరక కూర్చోబెట్టుట తరచుగా జరుగుచుండును.

గీత

పెన్సిలు గీత వ్రేళ్ళకు అందదు. కాగితము క్రింద మెత్తని రబ్బరు పలకనుంచి నొక్కి గీసినచో గీత వెనుకవైపున ఉబ్బును. కాగితము త్రిప్పి తడిమినపుడు బొమ్మ కుడి ఎడమలు తారుమారగును. అదే పలకపై ఇందుకొరకే తయారైన పలుచని ప్లాస్టిక్ కాగితము పరచి బాల్‌పెన్నుతో గీసినచో గీత పైవైపుననే లేచును. ఒక చేత గీయుచు, రెండవ చేతి వ్రేళ్ళతో విద్యార్థి తన గీతను తానే అనుసరించగలడు. ఈ పద్ధతికి ప్రాణము ఇదే.

ఇంతకంటె చవకైన ఉపాయము కిటికీలకు కొట్టు దోమల జాలీ. జాలీని అట్టపై పరచి, అంచులు గ్రుచ్చుకొనకుండ నాలుగు వైపులా టేపు అంటించి, దానిపై కాగితమునుంచి మైనపు క్రేయానుతో గీసినచో గరుకు గీత ఏర్పడును. జిగురుతో గీసిన గీతలు కూడ ఉబ్బెత్తుగానే ఉండును గాని ఆరువరకు తాకరాదు. కావున వాటిని ఉపాధ్యాయుడు ముందురోజే సిద్ధము చేసికొనుట మేలు.

రంగులు

రంగుల సీసాలకు బ్రెయిలీ చీటీలు అంటించి, అంచుగల పళ్ళెములో ఎప్పుడును ఒకే వరుసలో ఉంచవలెను. ఒక రంగులో సన్నని ఇసుక, మరొకదానిలో రంపపు పొట్టు కలిపినచో ఏది ఎక్కడ పూసినదీ స్పర్శకు తెలియును. కొద్దిపాటి చూపు గలవారికి ఇంత అవసరముండదు. మెరుపులేని కాగితము, లావైన నల్ల స్కెచ్ పెన్ను, ఏటవాలు బల్ల చాలును.

బోధన

విద్యార్థి చేయి పట్టుకొని గీయించిన బొమ్మ ఉపాధ్యాయునిదే అగును గాని విద్యార్థిది కాదు. ఎన్నడును తాకని ఏనుగు రూపురేఖలకంటె, చేతికిచ్చిన చెంబును తడిమి గీయుట సులభము.

చరిత్ర

వియన్నాలో అంధ బాలురకు కళను బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ తన అనుభవములను 1939లో గ్రంథముగా ప్రకటించెను. అంధులు కూడ వస్తువుల అంచులను గీతలతో చూపగలరని కెనడా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు జాన్ కెన్నెడీ 1993 నాటి గ్రంథములో వివరించెను. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ (1904–1980) నడివయసులో చూపు పూర్తిగా కోల్పోయిన పిదప కూడ రంగు కాగితములు కత్తిరించి అతికించు చిత్రములు చేసెను. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయనపై 'ది ఇన్నర్ ఐ' అను డాక్యుమెంటరీ తీసెను.