ప్రతి అందరిదీ, పెత్తనం ఎవరిది?

స్వేచ్ఛా సాఫ్టువేరు గురించి తెలుగు బ్లాగరులకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. మనం అక్షరం దిద్దుకున్నదే దాని పలక మీద. అయితే దాని ధర్మం గురించి వ్రాసినంతగా దాని రాజ్యాంగం గురించి మనవాళ్ళు వ్రాయలేదని నాకు అనిపిస్తూ ఉంటుంది. పదిమంది కలిసి కట్టుకున్న ఇంట్లో తాళంచెవి ఎవరి మొలలో ఉండాలి? ఆ మనిషి అలసిపోతే, అలిగితే, కాలం చేస్తే ఏమవుతుంది? గడచిన నలభై ఏళ్ళలో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాలు ఎలా మారుతూ వచ్చాయో ఈ టపాలో నాకు తెలిసినంత మేరకు చెప్పబోతున్నాను. నేను తెలుగు పండితుణ్ణి; యంత్రశాస్త్రం చదివినవాణ్ణి కాను. అందువల్ల దీన్ని చరిత్రగానే చూస్తాను.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు మొదటి కూర్పు వెలువడింది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏమున్నదో చదువుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, మార్చి మళ్ళీ పంచవచ్చు - స్థూలంగా దాని సారాంశం ఇది. జాగ్రత్తగా చదివితే ఈ నాలుగూ ప్రతికి సంబంధించిన హక్కులని తెలుస్తుంది. తాళపత్రాన్ని ఎవరైనా నకలు వ్రాసుకోవచ్చు అన్నట్లు. మరి మూలప్రతిలో ఏ పాఠం నిలవాలి, ఏది తొలగాలి, గ్రంథం పేరు ఎవరు వాడుకోవాలి అన్నవి లైసెన్సు తేల్చలేదు. పెత్తనపు చరిత్ర అంతా ఆ మౌనంలో నుంచి పుట్టింది.

మొదటి దశ ఏకవ్యక్తి పాలన. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నలును బయటపెట్టాడు. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. ఏ మార్పును స్వీకరించాలన్నది ఆయన ఇష్టం. పని పెరిగిన కొద్దీ ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క సంరక్షకుడు ఏర్పడ్డాడు. వారు వడపోసినదే ఆయన దగ్గరికి చేరుతుంది. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. అయినా ఆ మాట చెల్లింది. మా ప్రాంతపు గోండు గూడేలలో ఊరిపెద్దను పట్లా అంటారు. పట్లా మాటకు బలం పదిమంది ఒప్పుకోలు. లీనస్ మాటకు బలమూ అదే. నచ్చనివాడు ప్రతి తీసుకుని వేరుకాపురం పెట్టుకోవచ్చు గనుక, పెద్ద అనేవాడు కాస్త ఒదిగి ఉండక తప్పదు. ఈ వేరుపడడాన్నే వారు ఫోర్కు అంటారు.

రెండవ దశకు మంచి ఉదాహరణ డెబియన్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రారంభించాడు. 1996లో బాధ్యత బ్రూస్ పెరెన్స్ చేతికి వచ్చింది. 1997లో వారు ఒక సామాజిక ఒప్పందం వ్రాసుకున్నారు. 1998 డిసెంబరులో రాజ్యాంగాన్నే ఆమోదించుకున్నారు. ఏటా నాయకుని ఎన్నిక. నాయకుడు తీసుకున్న నిర్ణయాన్ని సభ్యులు సాధారణ తీర్మానంతో తిరగగొట్టవచ్చు. సాంకేతిక వివాదాలు తేల్చడానికి వేరొక సంఘం. స్థాపకుడు తప్పుకున్నా ఇల్లు నిలిచేలా కట్టిన మొదటి పెద్ద కట్టడాల్లో ఇది ఒకటి. అంత పకడ్బందీ రాజ్యాంగం ఉండి కూడా కలహం తప్పలేదు. 2014లో సిస్టమ్‌డీ అనే భాగాన్ని స్వీకరించే విషయమై సాంకేతిక సంఘంలో ఓట్లు సమానంగా చీలి, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో తేలింది. అసమ్మతులు అదే ఏడాది డెవువాన్ పేర వేరుపడ్డారు. రాజ్యాంగం కలహాన్ని ఆపలేదు గానీ, ఎవరు ఏ అధికారంతో ఏమి నిర్ణయించారో అందరికీ కనబడేటట్లు చేసింది.

మూడవ దశ సంస్థలది. అపాచీ సర్వరును నడిపిన చిన్న బృందం 1999లో ఫౌండేషనుగా మారింది. 2003లో మొజిల్లా ఫౌండేషను ఏర్పడింది. ఆస్తి, పేరు, విరాళం, కోర్టు వ్యవహారం - ఇవన్నీ చూడడానికి చట్టం గుర్తించే ఒక దేహం కావలసి వచ్చింది. ఇక ఓపెన్ ఆఫీసు సంగతి గుణపాఠం వంటిది. దాని యజమాని అయిన సన్ కంపెనీని 2010 జనవరిలో ఒరాకిల్ కొన్నది. దానితో ఇన్నేళ్ళ ఉమ్మడి శ్రమ కొత్త యజమాని ఇష్టానికి లోబడిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 28న పనివాళ్ళలో పలువురు బయటికి వచ్చి డాక్యుమెంట్ ఫౌండేషను పేర లిబ్రే ఆఫీసును మొదలుపెట్టారు. కోడు వెంట తెచ్చుకోగలిగారు, పేరును మాత్రం అక్కడే వదిలి రావలసి వచ్చింది.

పైథాన్ కథ నాకు అన్నిటికంటె ఆసక్తికరం. గైడో వాన్ రోసమ్ 1991లో ఈ భాషను విడుదల చేశాడు. ఆయనను మిత్రులు పరిహాసంగా 'జీవితాంతపు దయాళువైన నియంత' అనేవారు. ఆ పరిహాసమే బిరుదై, బిరుదే వ్యవస్థ అయింది. 2018లో ఒక చిన్న వ్యాకరణ గుర్తు - రెండు చుక్కలూ సమానమూ కలిపిన గుర్తు - భాషలో చేరాలా వద్దా అన్న వాదం ముదిరింది. ఆయన చేరాలనే తీర్పు ఇచ్చాడు. కాని ఆ వాదంలో పడ్డ మాటలకు మనసు విరిగి, జూలై 12న పెత్తనం వదులుకున్నాడు. ఒక్క అరసున్న కోసం, ఒక్క శకటరేఫం కోసం మన పండితులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్న సంగతి తెలిసినవాడిని గనుక నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. ఆశ్చర్యపరచినది తర్వాత జరిగినది. ఆయన వారసుణ్ణి నియమించలేదు. ఎలా పాలించుకుంటారో మీరే నిర్ణయించుకోండని సభ్యులకే వదిలాడు. ఏడు ప్రతిపాదనలు వచ్చాయి. డిసెంబరులో ఓటింగు జరిగి ఐదుగురి మండలి పద్ధతి నెగ్గింది. ఐదుగురిలో ఇద్దరికి మించి ఒకే సంస్థ ఉద్యోగులు ఉండరాదని నియమం పెట్టుకున్నారు. సభ్యులలో మూడింట రెండు వంతుల ఓట్లతో మండలిని దించవచ్చు. 2019 ఆరంభంలో ఎన్నికైన తొలి మండలిలో గైడో కూడా ఐదుగురిలో ఒకడుగా కూర్చున్నాడు. సింహాసనం దిగినవాడు సభలో చాప మీద కూర్చోవడం మన పురాణాలలోనూ అరుదే.

ఇక్కడ మా ఊరి వైపు ముచ్చట ఒకటి చెప్పాలి. ఇచ్చోడ పరిసరాలలో నా ఈడువారికి పట్వారీ అంటే గుర్తుండే ఉంటుంది. వంశపారంపర్యపు కొలువు. ఏ సర్వే నంబరు గట్టు ఎక్కడ మలుగుతుందో ఆయనకు నోటికి వచ్చు. పహాణీ ఆయన ఇంట్లో, పెట్టెలో. మంచి పట్వారీ ఉన్న ఊరు సుఖపడింది. లేని ఊరు ఏడ్చింది. రెంటికీ కారణం ఒకటే, ఊరి భూమి లెక్క అంతా ఒక్క పెట్టెలో ఉండడం. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. దస్త్రం ఆఫీసుకు చేరింది. దానితో పెత్తనం ఊరి జనం చేతికి వచ్చిందా అంటే, అంత సులువుగా అవునని అనలేను. పెట్టె బదులు బీరువా వచ్చింది, బీరువాకూ తాళం ఉంది. అయినా బీరువాను చూపించమని అడిగే హక్కు మనకు ఉంది. పట్వారీ పెట్టెను అడిగే ధైర్యం ఆనాడు ఎవరికీ లేదు.

ఈ రెండు పోలికలూ మనసులో ఉంచుకుని మన తెలుగు పనిముట్లను చూడండి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్ల కృషి. పాత ఫాంటులలోని తెలుగును యూనికోడులోకి మార్చిన 'పద్మ' వెన్న నాగార్జున గారిది. దాని ఆధారంగా 'లేఖిని'ని మనకు అందించినవారు వీవెన్ గారు. పోతన, వేమన ఖతులు కెనడాలోని తిరుమల కృష్ణ దేశికాచార్యుల వారివి. ఎవరో ఒక్కరు రాత్రిళ్ళు కూర్చుని చేసినవే అన్నీ. ఆ మహానుభావులకు నమస్కరిస్తూనే ఒక మాట అనాలి. మన తెలుగు పనిముట్లలో ఎక్కువ భాగం నేటికీ మంచి పట్వారీ దశలోనే ఉన్నాయి. పోతన ఖతి డెబియన్ భాండాగారంలో చేరింది గనుక దానికి ఒక సంఘం సంరక్షణ దొరికింది. ఆ భాగ్యం ఎన్నింటికి కలిగింది?

పద్మ మొజిల్లా పొడిగింతగా పుట్టినది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలను ఆపివేసింది. తిరగ వ్రాయనివి ఒక్కరోజులో మూగబోయాయి. మొజిల్లా తన కారణాలు చెప్పింది. భద్రత, వేగం సబబైన కారణాలే. కాని ఆ నిర్ణయం జరిగిన సభలో చిన్న భాషల పనిముట్ల తరఫున గట్టిగా మాట్లాడగల బలం మనకు లేదు.

దీనికి భిన్నమైన తెలుగు కథ వికీపీడియాది. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున గారే దానికి శ్రీకారం చుట్టారు. ఏ ఒక్కరి పెత్తనంలోనూ అది ఉండిపోలేదు. నిర్వాహకులను, అధికారులను సభ్యుల చర్చతో, ఓటుతో ఎన్నుకునే ఆచారం ఏర్పడింది. విధానాలు తెలుగులోనే వ్రాసుకున్నారు. చర్చా స్థలానికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టిన వారికి తెలుగు పలుకుబడి తెలుసు. సర్వర్లు, మీడియావికీ సాఫ్టువేరు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫౌండేషను అధీనంలో ఉన్నా, వ్యాసంలో ఏది నిలవాలన్నది తెలుగువారే తేల్చుకుంటున్నారు. స్థాపకుని తర్వాత కూడా ఇరవై ఏళ్ళకు పైగా అది పెరగడానికి ఈ అలవాటే ప్రధాన కారణమని నా నమ్మకం.

పెత్తనం ఒక్కరి దగ్గర ఉండిపోతే ఏమవుతుందో బ్లాగరులకు దగ్గరి ఉదాహరణ వర్డ్‌ప్రెస్. బీ2 అనే పాత ఉపకరణం కర్త మౌనం వహించగా, 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని అందుకుని వర్డ్‌ప్రెస్‌గా కొనసాగించారు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేసి మూలకర్తను గౌరవించిన తీరు నాకు గుర్తుకు వచ్చింది. ఆ లైసెన్సు లేకుంటే ఆ కొనసాగింపే లేదు. కాని 2024 సెప్టెంబరులో ముల్లెన్‌వెగ్‌కు డబ్ల్యూపీ ఇంజిన్ కంపెనీతో తగవు వచ్చినప్పుడు, కోట్ల మంది ఆధారపడే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ఆయన సొంత నిర్వహణలో ఉన్నదని లోకానికి తేటతెల్లమైంది. ఆ కంపెనీకి ద్వారం మూశారు; అక్టోబరులో వారి ప్లగిన్ ఒకదాని స్థానాన్ని అక్కడ స్వాధీనం చేసుకున్నారు. డిసెంబరులో అమెరికా న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వుతో జోక్యం చేసుకోవలసి వచ్చింది. తప్పొప్పులు కోర్టు తేల్చుకుంటుంది. ఫౌండేషను పేరు బోర్డు మీద ఉన్నంత మాత్రాన తాళంచెవి చేతులు మారినట్లు కాదన్నది మనం గ్రహించవలసినది.

అలసటది వేరొక ప్రమాదం. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణాన్ని ఏళ్ళ తరబడి ఒకే ఒక్క సంరక్షకుడు, జీతం లేకుండా, అస్వస్థతలోనూ మోస్తూ వచ్చాడు. సాయం చేస్తానంటూ 'జియా టాన్' పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, తాళంచెవి పుచ్చుకుని, అందులో దొంగదారి తవ్వారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజనీరు ఆ గుట్టు బయటపెట్టకుంటే లోకంలో ఎన్నో సర్వర్లు పరుల పాలయ్యేవి. ఒంటరి మనిషికి ఆసరా ఇవ్వని సమాజం ఆ దొంగకు సగం దారి తానే చూపింది.

ఈ చరిత్ర అంతా చదివాక నాకు తోచినది ఇది. ఏకవ్యక్తి నుంచి సంఘానికి, సంఘం నుంచి సంస్థకు సాగే ఈ నడక మెట్లెక్కినట్లు పైపైకే పోదు. సంస్థ అయ్యాక కూడా పెత్తనం మళ్ళీ ఒక్కరి చేతిలో ముడుచుకోవచ్చు. పెద్దమనిషి ఉండగానే, ఆయన మంచివాడుగా ఉండగానే నియమం వ్రాసుకోవాలి. తగవు వచ్చాక వ్రాసే నియమం ఎవరో ఒకరి వైపు మొగ్గక మానదు.

కనుక తెలుగు పనిముట్లు చేస్తున్న మిత్రులకు మూడు మనవులు. మీ తాళంచెవి మీరు కాక మరొకరి దగ్గర కూడా ఉండనివ్వండి. ఆ రెండవవారు మీకు ముఖపరిచయం ఉన్నవారైతే మేలు. పని ఎలా నడుస్తున్నదో, తర్వాత ఎవరు చూడాలో రెండు పుటలు తెలుగులో వ్రాసిపెట్టండి. చేయలేకపోతున్నానని చెప్పడాన్ని చిన్నతనంగా భావించకండి. వాడుకునే మనబోటివారికి మనవి ఒక్కటే: ఓటు ఉన్నచోట ఓటు వేద్దాం, రచ్చబండ ఉన్నచోట వెళ్ళి కూర్చుందాం. కోడు వ్రాయడం రానివారికి కూడా అక్షరదోషం దిద్దడం, నియమావళి చదివి సందేహం అడగడం వస్తాయి కదా.

పెద్దలు, పిన్నలు తమకు తెలిసిన తెలుగు పనిముట్లలో ఏవి ఒక్కరి భుజం మీద ఉన్నాయో తెలియజేయగలరు. పట్టిక తయారు చేసే పూచీ నాది.

సెలవు.