రేడియో ఎక్కిన బడి

1937 సెప్టెంబరు 13, సోమవారం, పొద్దున ఏడుంబావు. వేసవి సెలవులు అయిపోయాయి కానీ షికాగోలో బడిగంట మోగలేదు. పిల్లలు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బయల్దేరడానికి బదులు ఇంట్లో రేడియో దగ్గరికి చేరారు. ముందు ప్రకటనలు, తర్వాత కాసేపు వ్యాయామం, ఆపైన పాఠాలు. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మూడు లక్షల పైచిలుకు పిల్లల కోసం నగర విద్యాశాఖ రెండు వారాల్లో అల్లిన ఏర్పాటు అది.

కారణం పోలియో. ఆ వేసవి చివర్లో కేసులు పెరుగుతుంటే నగర ఆరోగ్య మండలి అధ్యక్షుడు హెర్మన్ బండెసన్ బడులు తెరవడం వాయిదా వేయించాడు. రాత్రి ఆడుకుని పడుకున్న బిడ్డకు తెల్లారేసరికి జ్వరం రావచ్చు, ఇంకొన్నాళ్ళకు కాలు పడిపోవచ్చు. మందు లేదు, టీకా లేదు. జబ్బు ఎలా వస్తుందన్న దానిమీద డాక్టర్లకే తప్పుడు లెక్క ఉండేది. క్రిమి ముక్కు గుండా పోతుందని చాలామంది నమ్మేవారు. అదే ఏడాది కెనడాలోని టొరంటోలో వేలమంది పిల్లల ముక్కుల్లోకి జింక్ సల్ఫేటు చిమ్మి చూశారు. పోలియో ఆగలేదు సరికదా, కొందరు పిల్లలకు వాసన పోయింది. మలం అంటిన చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, నోటి గుండా అది పాకుతుందన్న సంగతి గట్టిపడటానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

కాబట్టి అప్పటి తల్లిదండ్రుల భయాన్ని మూఢత్వం అనేయడం తేలిక, న్యాయం కాదు. శత్రువు ఏ వాకిట్లో ఉందో తెలియనప్పుడు అన్ని తలుపులూ మూయాలనిపిస్తుంది.

ఇరవై ఒక్క ఏళ్ళ ముందు న్యూయార్కు సరిగ్గా ఆ పనే చేసింది. 1916 వేసవిలో పోలియో బ్రూక్లిన్‌లో మొదలై నగరమంతా పాకింది. దాదాపు 9,000 మందికి సోకింది, 2,000 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది అయిదేళ్ళలోపు పసివాళ్ళే. పదహారేళ్ళలోపు వాళ్ళకు సినిమా హాళ్ళు బందు. ఊరు దాటాలంటే పిల్లలకు జబ్బు లేదన్న ధ్రువపత్రం చూపాలి. హడ్సన్ నది అవతలి హోబోకెన్ పట్టణం పొలిమేరల్లో పోలీసులను నిలబెట్టి, వలస వచ్చిన కుటుంబాలను వెనక్కి తిప్పి పంపింది. పిల్లులు మోసుకొస్తున్నాయన్న పుకారుతో వేలకొద్దీ పిల్లులను చంపారు. బడులు సెప్టెంబరు 25న గానీ తెరవలేదు.

వీటన్నిటికంటే తల్లుల గుండెల్లో దడ పుట్టించింది ఇంకో నిబంధన. సోకిన బిడ్డను ఇంట్లోనే ఉంచుకోవాలంటే వేరే గది ఉండాలి, వేరే మరుగుదొడ్డి ఉండాలి, చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాలి. లేదంటే ఆసుపత్రికి పంపాల్సిందే. అంతస్తుకొక మరుగుదొడ్డితో కాలం గడిపే ఇరుకు అద్దె వాటాల్లో ఇవన్నీ ఎవరికి కుదురుతాయి? ఉన్నవాళ్ళ బిడ్డ తల్లి పక్కన, లేనివాళ్ళ బిడ్డ అంటువ్యాధుల వార్డులో. ఇటలీ నుంచి వచ్చిన వలస కుటుంబాల మీద ముందే నింద పడింది, ఇప్పుడు వాళ్ళ పిల్లలనే ఎక్కువగా తీసుకుపోతున్నారు. ఆసుపత్రి బండి వస్తే బిడ్డను దాచేసిన ఇళ్ళున్నాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఆ ఏడు జబ్బు ఎక్కువ రేటున తగిలింది ఆ ఇరుకు వీధుల్లో కాదు. ఇళ్ళు విడివిడిగా, జనం పలచగా ఉండే స్టాటెన్ దీవిలో. మురికివాడల్లో పసికందులకు తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఉండగానే క్రిమి తగిలి పోయేదనీ, శుభ్రమైన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు కాస్త పెద్దయ్యాక తగిలి కాళ్ళు తీసేదనీ తర్వాతి తరం శాస్త్రవేత్తలు వివరించారు. మంచి ఇల్లు బిడ్డను కాస్తుందన్న లెక్క పోలియో విషయంలో తలకిందులైంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. అమెరికాలో చాలా నగరాలు బడులు మూసేశాయి. ఈసారి న్యూయార్కు మూయలేదు. ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్లాండ్, బాలల ఆరోగ్య విభాగాన్ని నడిపే డాక్టర్ జోసెఫిన్ బేకర్ ఇద్దరిదీ ఒకే మాట. నగరంలో బడికెళ్ళే పిల్లలు పది లక్షల మంది దాకా ఉన్నారు, వాళ్ళలో మూడొంతులు ఇరుకు వాటాల్లో ఉంటున్నారు. గాలీ వెలుతురూ లేని ఆ గదుల కంటే పెద్ద కిటికీలున్న తరగతి గది నయం. పైగా బడిలో చూసే కళ్ళుంటాయి. పిల్లలు ఆవరణలో గుమిగూడకుండా నేరుగా తరగతికి పోవాలి. పొద్దున్నే టీచరు ఒక్కొక్కరినీ పరీక్షగా చూడాలి. ఒళ్ళు వెచ్చగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపి, ఆ ఇంట్లో విడిగా ఉంచే వీలుందో లేదో ఆరోగ్య శాఖ మనిషి వెళ్ళి చూడాలి. బేకర్ అంతకు పదేళ్ళ ముందు నుంచే బడిపిల్లల ఆరోగ్య పరీక్షలను కట్టుదిట్టం చేసి ఉండకపోతే ఈ ధైర్యం వట్టి మొండితనం అయ్యేది. కోప్లాండ్ మీద విమర్శలు తక్కువేమీ రాలేదు. తొందరగా మూసి, ఎక్కువకాలం కట్టడి పాటించిన నగరాల్లో చావులు తగ్గాయని 2007లో 43 నగరాల లెక్కలు తీసిన పరిశోధకులు తేల్చారు. న్యూయార్కు నిర్ణయం ఒప్పా తప్పా అన్న వాదన అలాగే మిగిలింది.

షికాగో కూడా 1918లో బడులు నడిపింది. కానీ అమ్మానాన్నలు ఒప్పుకోవాలి కదా! బడి తలుపులు తెరిచే ఉన్నాయి, బెంచీలు మాత్రం ఖాళీ అయ్యాయి. ఇంట్లోనే అట్టిపెట్టుకున్న ఆ తల్లిదండ్రుల భయానికి అధికారులు 'ఫ్లూఫోబియా' అని కొంచెం వెటకారంగా పేరు పెట్టారు.

అదే నగరం 1937లో తనే మూసింది. ఈసారి ఇళ్ళలో కొత్త వస్తువు ఉంది. సూపరింటెండెంట్ విలియం జాన్సన్ అడిగితే ఆరు రేడియో కేంద్రాలు ఉచితంగా సమయం ఇచ్చాయి. వాటిలో ఒకటి ట్రిబ్యూన్ పత్రికది, ఇంకొకటి కార్మిక సంఘాల సమాఖ్యది. మామూలు రోజుల్లో ఉప్పూనిప్పూగా ఉండే ఆ రెండూ పిల్లల లెక్కల పాఠాల కోసం ఒక్క వరుసలో నిలబడ్డాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో సాంఘిక శాస్త్రం, సైన్సు. మంగళ, గురు, శనివారాల్లో ఇంగ్లీషు, లెక్కలు. పాఠం పావుగంట. ఏ తరగతికి ఏ కేంద్రంలో ఎప్పుడో, ఏ ప్రశ్నలకు జవాబులు రాయాలో పొద్దుటి పత్రికల్లో అచ్చయ్యేది. పాఠాలు తయారుచేసిన టీచర్లు కొన్నేళ్ళ కిందటే, ఆర్థికమాంద్యంలో, నెలల తరబడి జీతాలు అందక 1933లో బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్ళినవాళ్ళు. ఆ సంగతి ఈ కథ చెప్పేవాళ్ళు తరచూ మరిచిపోతారు.

అసలు కథ టెలిఫోన్ దగ్గర జరిగింది. సందేహాలు తీర్చడానికి విద్యాశాఖ కార్యాలయంలో పదహారు మంది టీచర్లను కూర్చోబెట్టారు. మొదటి రోజే వెయ్యికి పైగా ఫోన్లు వచ్చాయి, ఇంకో అయిదుగురిని చేర్చాల్సి వచ్చింది. అడిగింది చాలావరకు తల్లిదండ్రులే. రేడియో గరగరలాడుతోంది, సగం వినపడలేదు. పాఠం మరీ వేగంగా పోతోంది, పిల్లవాడు రాసుకునేలోపు అయిపోతోంది. ఇంట్లో ఒకటే రేడియో, తరగతులు మూడు. చదువులో వెనకబడ్డ పిల్లకు ఆగి మళ్ళీ చెప్పేదెవరు? కాలు పడిపోతుందేమోనన్న భయం పక్కనే తరగతి పోతుందేమోనన్న బెంగ. రెంటినీ మోస్తూ పంతులమ్మ పని కూడా నెత్తికెత్తుకున్నది ఎక్కువగా ఇంట్లో ఉన్న అమ్మలే. రేడియో లేని ఇంటి పిల్లల మాట సరేసరి. 1940 జనాభా లెక్కల నాటికి కూడా అమెరికాలో దాదాపు ఆరిళ్ళకు ఒకదానిలో రేడియో లేదు.

కరోనాకు బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలైనప్పుడు అవీ మూడో తరగతి నుంచే మొదలయ్యాయి. అక్షరాలు దిద్దే వయసు పిల్లలకు గాలిలో పాఠం చెప్పలేమని ఎనభై మూడేళ్ళ ఎడంలో రెండు చోట్లా ఒకే నిర్ణయానికి వచ్చారు. ఇంట్లో ఒక్కటే ఫోను, దాన్ని జేబులో పెట్టుకుని నాన్న పనికి పోవడం ఇక్కడి తల్లులకు కొత్త విషయం కాదు.

షికాగో రేడియో బడి మూడు వారాలు కూడా నడవలేదు. కేసులు తగ్గుముఖం పట్టగానే తలుపులు తెరిచి, విన్న పాఠాల మీద పిల్లలకు పరీక్షలు పెట్టారు. రేడియో రుచి మరిగిన విద్యాశాఖ మాత్రం దాన్ని వదల్లేదు. 1943లో డబ్ల్యూ.బి.ఇ.జెడ్ అనే సొంత ఎఫ్.ఎం. కేంద్రమే పెట్టుకుంది. అది ఇప్పటికీ షికాగోలో ప్రజా రేడియోగా వినిపిస్తోంది.

పోలియోతో నగరం లెక్క అక్కడితో తీరలేదు. 1955 ఏప్రిల్ 12న సాల్క్ టీకా పనిచేస్తుందని ప్రకటించారు. మరుసటి ఏడాది వేసవిలోనే షికాగోలో కేసులు వెయ్యి దాటాయి. ఈసారి జబ్బు కూర్చున్నది పడమటి వైపు కిక్కిరిసిన పేద నల్లజాతి పేటల్లో, టీకా అందని పిల్లల మీద. ఆరోగ్య శాఖ పగ్గాలు ఇంకా బండెసన్ చేతిలోనే ఉన్నాయి. ఆయన మనుషులు వీధి మలుపుల్లోనే బల్లలు వేసి, దారిన పోయే పిల్లలను పిలిచి డబ్బు తీసుకోకుండా సూది వేశారు.