ప్రతిదావా

‘దావా’ అరబ్బీ మాట. పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీలకొచ్చింది. దాని ముందు సంస్కృతపు ‘ప్రతి’ చేరి ప్రతిదావా అయింది. పెంటపాడు రైతు తాడేపల్లిగూడెం కోర్టు నుంచి తిరిగొచ్చి ‘కౌంటరేశాం’ అంటాడు. ఆ కౌంటరు చాలాసార్లు మధ్యంతర పిటిషన్‌కు జవాబు మాత్రమే. ప్రతిదావా అంతకన్నా బలమైనది.

గట్టు మీదికి రావద్దంటూ పక్క చేను ఆయన ఇంజంక్షన్ దావా వేశాడనుకోండి. ‘ఆయనే నా పంటబోదె పూడ్చి చేలో కలుపుకున్నాడు, ఆ జాగా నాకిప్పించండి’ అని ప్రతివాది తన జవాబులోనే అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరులో 6ఎ రూలుగా 1976 సవరణ చేర్చిన హక్కు ఇది. అడిగినదానికి కోర్టు ఫీజు మాత్రం కట్టాలి. వాది తన దావా మానుకున్నా ప్రతిదావా నడుస్తుంది. అన్నిటికన్నా నాకీ నియమమే న్యాయంగా తోస్తుంది. కోర్టు తేల్చాల్సిన ఇష్యూలు ఖరారయ్యాక ప్రతిదావా వేయడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే సమను అందగానే వకీలు దగ్గర ఎదుటివారి నుంచి మనకు రావాల్సినవన్నీ చెప్పేయండి.