లారీ రూటు ఎవరు గీస్తారు? ఈ-వే బిల్లు గడువు సంగతేంటి?

హైదరాబాద్ గోదాము నుంచి విశాఖలోని మీ షోరూమ్‌కు ఫ్రిజ్‌ల లోడు రావాలంటే 600 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఏ దారిలో, ఎప్పుడు బయల్దేరాలో తేల్చేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోని రూట్ ప్లానర్. మ్యాప్ చూపే దగ్గరి దారితో పని అయిపోదు. చాలా నగరాల్లో పగటిపూట పెద్ద లారీలకు నో ఎంట్రీ. అందుకే రాత్రి ఎప్పుడు లోపలికి వదులుతారో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తారు. డ్రైవర్ నిద్రకూ ఆ లెక్కలోనే చోటుండాలి.

అసలు తలనొప్పి ఈ-వే బిల్లు. సరుకు విలువ రూ.50 వేలు దాటితే ఇది తప్పనిసరి. మామూలు సరుకైతే ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. 2021కి ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. ఈ లెక్కన విశాఖ లోడుకు నాలుగు రోజులు. తీరిగ్గానే ఉందనిపిస్తుంది, లారీ దారిలో ఆగిపోయేదాకా! సరుకును వేరే బండికి మారిస్తే పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించాలి. గడువు పెంచుకోవాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకే వీలుంటుంది. ఆ తర్వాత తనిఖీలో దొరికితే పన్నుకు రెండింతల జరిమానా పడే ప్రమాదం ఉంది.

మీరు ఇల్లు మారుతున్నారా? వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. దాని పేరిట ప్యాకర్స్ డబ్బులు అడిగితే జీఎస్టీ నిబంధన 138 అనుబంధం చూపించండి.