వాద్యమే ఇంటిపేరు

వీణ ధనమ్మాళ్ అను పేరు వినగానే, వాద్యము వ్యక్తికి బిరుదమైన విధము మనకు స్ఫురించును. ద్వారం వెంకటస్వామినాయుడుగారిని ‘ఫిడేలు నాయుడుగారు’ అనుటయు అట్టిదే. ఇటలీలోని వెనిస్ నగరమున ఒకప్పుడు కొందరు స్త్రీలకు వాద్యము పేరు బిరుదము మాత్రమే కాదు; వారికిగల ఇంటిపేరు అదియే.

ఆ నగరమున 1346లో ‘పియెటా’ అను అనాథ శరణాలయము వెలసెను. గోడలోని గూటిలో విడిచిపోయిన పసికందులను అచ్చటివారు చేరదీసి పెంచెడివారు. కొందరు తల్లులు పతకమును రెండుగా విరిచి, ఒక సగమును బిడ్డతో ఉంచి, రెండవ సగమును తమయొద్ద దాచుకొనెడివారు. ఎన్నడైనను తిరిగివచ్చి ఆనవాలు చూపవచ్చునని వారి ఆశ. ఆ ఆశ ఫలించినవారు అరుదు.

ఆ బాలికలలో ప్రజ్ఞగలవారిని ఎన్నుకొని సంగీతము నేర్పుచుండిరి. 1703 సెప్టెంబరులో ఆంటోనియో వివాల్డి అను 25 ఏండ్ల క్రైస్తవ పురోహితుడు అచ్చట వయొలిన్ ఉపాధ్యాయుడుగా చేరెను. జీతము ఏటికి 60 డ్యూకాట్లు. పాలకమండలి ఏటేట ఓటు వేసి ఆయన ఉద్యోగమును పొడిగించెడిది. 1709లో ఓటు ప్రతికూలమై ఉద్యోగము పోయెను; 1711లో మరల పిలిపించిరి.

అయినను ఒక్క ఉపాధ్యాయునివలన వాద్యబృందము నిలువదు. శిక్షణ ముగించిన స్త్రీలు అక్కడనే ఉండి చిన్నవారికి పాఠము చెప్పెడివారు. పాఠము చెప్పినవారును, నేర్చుకొనువారును ప్రార్థనామందిరమున ఇనుప జాలకము వెనుక కలిసి వాయించెడివారు. దూరదేశముల యాత్రికులు ఆ సంగీతము వినుటకై వచ్చుచుండిరి.

వివాల్డి ‘కన్చెర్టో’లలో ఈ సహవాసము మనకు వినబడును. ఒక్క వయొలిన్ కఠినమైన సంగతులతో ముందునకు సాగుచుండగా, తక్కిన తంత్రీవాద్యములన్నియు కూడి మన పల్లవివలె మరల మరల వచ్చు భాగమును అందుకొనును. ఆరితేరినవారికిని, నేర్చుకొనుచున్నవారికిని అందు చోటు కలదు. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన కన్చెర్టోల సంపుటమునుండి కొన్నింటిని జర్మనీలో బాఖ్ మహాశయుడు తన వాద్యములకు అనువుగా మలచుకొనెను.

ఆ బృందములో ప్రసిద్ధురాలు ‘వయొలిన్ అన్నా మరియా’. పసికందుగా వచ్చి, శిష్యురాలై, ఆచార్యురాలై, 1782లో అచ్చటనే కన్నుమూసెను. వివాల్డి కొన్ని కన్చెర్టోలను ఆమెకొరకే రచించెను. పెండ్లాడి వెలుపలికి పోదలచిన స్త్రీ ఇక బహిరంగముగా వాయింపనని మాట ఇయ్యవలసియుండెను. ఇల్లు కావలెనన్న సంగీతమును, సంగీతము కావలెనన్న ఇంటిని వదలుకొనవలెను. అన్నా మరియా సంగీతముతో ఉండిపోయెను.

వివాల్డి 1741లో వియెన్నాలో పేదగా మరణించెను. 1797లో వెనిస్ గణరాజ్యము కూలినది. అచ్చటి శరణాలయముల సంగీతవైభవమును దానితోడనే అస్తమించినది. మరుగునపడిన వివాల్డి వ్రాతప్రతులు 1926లో బయల్పడి, తరువాత టూరిన్ జాతీయ గ్రంథాలయము చేరినవి.

ఇకమీదట ఆయన కన్చెర్టో మీ రేడియోలో వినబడినప్పుడు, ముందు నడచు వయొలిన్‌తోపాటు వెనుకనున్న వాద్యములను గూడ ఆలకింపుడు. ఇంటిపేరు లేని ఆ బాలికలు కూర్చుండిన చోటు అదియే.