గాలపు వేటకు హద్దులు: అట్లాంటిక్ స్ట్రైప్డ్ బాస్ నియమాల పరిణామం

అమెరికా తూర్పు తీరంలో వినోదం కోసం గాలం వేసేవారు మిక్కిలి కోరుకొనే సముద్రపు చేప స్ట్రైప్డ్ బాస్. దీనిని కాపాడే నియమాలు కాలక్రమంలో దేనిని లెక్కలోకి తీసుకొన్నాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1639లో మసాచుసెట్స్ బే వలస పాలకులు బాస్, కాడ్ చేపలను పొలాలకు ఎరువుగా వాడరాదని శాసించారు. ఆ శాసనం వినియోగాన్ని నియంత్రించింది. ఎన్ని పట్టవచ్చునో చెప్పలేదు.

1970ల చివర చేపల సంఖ్య బాగా క్షీణించగా, 1984లో సమాఖ్య ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది. 1985లో మేరీలాండ్ వేటను పూర్తిగా నిషేధించి, 1990లో పరిమితంగా అనుమతించింది. 1982లో పుట్టిన తరానికి చెందిన ఆడచేపలలో 95 శాతం ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం పొందేవరకు వాటిని కాపాడాలన్నది నాటి లక్ష్యం. ఈ విధంగా సంతానోత్పత్తి నియమానికి ప్రమాణమైంది. 1995లో చేపలు కోలుకొన్నట్లు ప్రకటించారు.

తిరిగి క్షీణత కనిపించడంతో 2020లో సముద్రతీర వేటకు రోజుకు ఒక్క చేప, 28 నుండి 35 అంగుళాల లోపు అన్న హద్దు వచ్చింది. 2023లో పై హద్దును 31 అంగుళాలకు తగ్గించారు. చిన్న చేపను ఎదగనివ్వాలన్న పాత నియమానికి పెద్ద తల్లిచేపను విడిచిపెట్టాలన్న నియమం తోడైంది.

అయితే విడిచిన చేపలన్నీ బతకవు. వాటిలో 9 శాతం చనిపోతాయని నిర్వాహకుల అంచనా. విడిచేవి ఏటా కోట్లలో ఉన్నప్పుడు ఈ నష్టం స్వల్పం కాదు. రోజుకు ఒక్కటన్న పరిమితి ఇంటికి తీసుకువెళ్లే చేపకే వర్తిస్తుంది. నీటిలో జరిగే మరణాన్ని ఆపదు. పట్టిన చేపను ఏం చేయకూడదో 1639 శాసనం చెప్పింది. పట్టి విడిచిన చేప విషయంలో ఏం చేయాలన్నదే నేటి నియమాల ముందున్న సమస్య.